బావి సీను తర్వాత అతికించిన ముక్క

మీరెవరో నాకు తెలియదు. నాకు కావలసిందీ అదే. తెలిసినవాళ్లకు ఈ మాట చెప్పబోయి ఇన్నేళ్లుగా వేరే మాటలు మాట్లాడాను. వానల గురించి, దుకాణం గురించి, మోకాళ్ల నొప్పి గురించి. ఒక్క మాట దాచుకున్న మనిషి మిగతా అన్ని విషయాల్లో ఎంత మాటకారి అవుతాడో నన్ను చూస్తే తెలుస్తుంది.

నేను చేసినవి రెండు. ఒక ఫిల్ము ముక్కను అతికించాను. ఆ తర్వాత ఒక అబద్ధం చెప్పాను. రెండూ కలిపినా కాసేపటి పని. ఆ కాసేపటి పని బరువు ముప్పై ఏళ్లు నేనే మోశానని చెప్పుకోవడం కూడా సరికాదేమో. నిజానికి దాన్ని మోసింది వేరేవాళ్లు. నేను మోసింది వాళ్లు మోస్తున్నారన్న ఎరుకను మాత్రమే.

మాది సిద్దిపేట. మా నాయినకు బట్టల దుకాణం ఉండేది, ఇప్పుడు నాది. మధ్యలో కొన్నేళ్లు సినిమాలు తీశాను. తీశాను అనడం గొప్పకు. తీసింది నా స్నేహితుడు రాజేందర్. హైదరాబాద్‌లో పెద్ద డైరెక్టర్ల దగ్గర అసిస్టెంటుగా తిరిగి తిరిగి, అక్కడ ఎవరూ అవకాశం ఇవ్వక, మనమే తీద్దామని ఊరికి వచ్చేశాడు. కథ నేను రాశాను. మిగతా పనులన్నీ కూడా నేనే చూశాను. అన్నం వండించడం, బండ్లు మాట్లాడటం, సినిమా తయారయ్యాక ప్రింటు డబ్బాలు పట్టుకుని థియేటర్ల వెంట తిరగడం.

మేం తీసినవి దయ్యం సినిమాలు. 'పాడుగడి', 'పాడుగడి-2', 'పాడుగడి-3'. ఒక దొర తన గడీలో పనిచేసే ఆడమనిషిని బావిలో తోయిస్తాడు. ఆమె దయ్యమై వచ్చి ఆ వంశాన్ని ఒక్కొక్కరిగా చంపుతుంది. కథ అంతే. నెత్తురు ఎక్కువ, కేకలు ఎక్కువ, మధ్యలో వానలో ఒక పాట. దయ్యం ముఖానికి చేర్యాలలో ఒక నకాషీ కళాకారుడి చేత మాస్కు చేయించాం. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసిన మాస్కు, మీద ఎర్రరంగు, పెద్ద కళ్లు. పెద్ద పత్రికలు మమ్మల్ని పట్టించుకోలేదు. చిన్న ఊళ్ల థియేటర్లలో మాత్రం మొదటి భాగం బాగా ఆడింది. షూటింగు చేసిన గడీ వేములఘాట్ దాపున ఉండేది. ఇప్పుడు దాని మీద మల్లన్నసాగర్ నీళ్లున్నాయి.

దయ్యం వేషం వేసింది స్వరూప. మా ఊరి పిల్లే. ఒక ప్రైవేటు బడిలో చిన్న తరగతులకు చెప్పేది. బడి వార్షికోత్సవంలో ఆమె వేసిన నాటకం చూసి రాజేందర్ వెళ్లి అడిగాడు. వాళ్ల నాన్న బాలనర్సయ్య కాకా ఫ్యాన్లు, మోటార్లు బాగుచేసేవాడు. సినిమా అనగానే ముందు వద్దన్నాడు. బిడ్డ ముఖం చూసి, షూటింగు జరిగినన్ని రోజులూ తాను పక్కన ఉండేట్టయితే సరే అన్నాడు. అన్నట్టే ఉన్నాడు. దుకాణం మూసుకుని వచ్చి, కెమెరాకు కొంచెం ఎడంగా కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. బిడ్డ కేక పెట్టిన ప్రతిసారీ ఆయన భుజాలు అదిరేవి. షాట్ అయ్యాక తనే నవ్వుకునేవాడు. రెండో సినిమా వరకు వచ్చేసరికి లైట్లు కాలిపోతే ఆయనే సరిచేసేవాడు.

రెండో సినిమాకు ఒక్క రోజు ఆయన రాలేదు. దగ్గరి బంధువు చనిపోతే వెళ్లాల్సి వచ్చింది. మా మీద నమ్మకం కుదిరింది కాబట్టి బిడ్డను మాతో పంపించి వెళ్లాడు. ఆ రోజు తీసింది దిగుడుబావి సీను. ఆమె జుట్టు విరబోసుకుని మెట్లు దిగి నీళ్లలోకి పోతుంది. మనకు వీపు మాత్రమే కనిపిస్తుంది. తర్వాత నీళ్లు కదులుతాయి, మాస్కుతో దయ్యం పైకి లేస్తుంది.

సినిమా విడుదలైంది. జనం రాలేదు.

నేను ప్రింటు పట్టుకుని తిరుగుతున్నాను. ఖాళీ కుర్చీల ముందు మా దయ్యం అరుస్తుంటే ప్రొజెక్టరు గదిలోంచి చూస్తూ నిలబడేవాడిని. ఒక ఊళ్లో థియేటరు మేనేజరు నాతో అన్నాడు, ఉత్త దయ్యాన్ని ఎవరు చూస్తారు, బిట్టు లేకపోతే మా హాలు నిండదు అని. ఆ రోజుల్లో ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. వేరే సినిమాల్లోంచి కోసిన బట్టల్లేని ఆడవాళ్ల ముక్కలను సినిమా మధ్యలో అతికించి ఆడించేవారు. సెన్సారుకు చూపే ప్రింటు వేరు, హాల్లో ఆడేది వేరు. ఆ మేనేజరు దగ్గర అలాంటి ముక్కలు ఒక రేకు డబ్బా నిండా ఉన్నాయి.

చాలా చోట్ల ఆపరేటర్లు ఆ ముక్కలను ఎక్కడ పడితే అక్కడ పెట్టేవారు. పాట మధ్యలో, కొట్లాట మధ్యలో. చూసేవాళ్లకు అది వేరే సినిమా అని తెలిసేది. నేను అలా చేసి ఉంటే ఈ రోజు ఇది రాయాల్సిన పని ఉండేది కాదు. నేను డబ్బాలోని ముక్కలను వెలుతురుకు ఎత్తి ఒక్కొక్కటిగా చూశాను. ఒక దాంట్లో ఒక ఆమె నీళ్లలో స్నానం చేస్తోంది. ముఖం కనిపించదు. పొడుగు జుట్టు, తడిసి వీపుకు అంటుకుని ఉంది. స్వరూప జుట్టులాగే ఉంది. దాన్ని సరిగ్గా స్వరూప నీళ్లలోకి దిగిన షాట్ తర్వాత, దయ్యం లేచే షాట్‌కు ముందు నా చేతులతో అతికించాను.

అది ఎంత బాగా కుదిరిందో చెప్పాలి. చెప్పకపోతే ఈ ఒప్పుకోలు సగమే అవుతుంది. నేను రాసిన కథల్లో ఏదీ అంత బాగా కుదరలేదు. వెలుగు కలిసింది, నీళ్ల రంగు కలిసింది, జుట్టు కలిసింది. నాకు గర్వం కలిగింది. డబ్బు కోసం చేశానని అనుకుంటే కొంత తేలికగా ఉండేది. కానీ నాకు కావలసింది నిండిన హాలు. నేను రాసిన సినిమాను జనం కిక్కిరిసి చూడటం. ఆ పూట హాల్లో ఈలలు పడుతుంటే వాళ్లు ఎవరిని చూసి ఈలలు వేస్తున్నారో ఆలోచించానా? ఆలోచించాను. అందుకే చెబుతున్నాను. స్వరూప అనుకుంటారేమో అన్న ఆలోచన నాకు వచ్చింది. వచ్చినా ముక్క తీయలేదు.

ఆ ప్రింటు ఊళ్లు తిరిగింది. హాళ్లు నిండాయి. చివరికి సిద్దిపేటకూ వచ్చింది.

ఇక్కడ దాన్ని చూసినవాళ్లంతా స్వరూపను ఎరిగినవాళ్లే. ఆమె బడికి నడిచిపోయే దారిలో మగపిల్లలు బావి, బావి అని అరిచేవారు. బడివాళ్లు రావద్దన్నారు. ఆమె ఏడవలేదని, కనిపించిన ప్రతివాళ్లతో అది తాను కాదని చెప్పిందని విన్నాను. కాదన్న కొద్దీ జనానికి అది ఆమే అని గట్టిపడింది. రాజేందర్‌కు ఏమీ తెలియదు. ఎవరో థియేటరువాళ్లు చేసిన పని అని వాళ్లింటి ముందు నిలబడి చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. స్వరూప కూడా నమ్మలేదు. తనను వెనక నుంచి తీసి, దానికి ఏదో మాయ చేసి కలిపాడని ఆమె అనుకుంది. అతను నా దగ్గరికొచ్చి నువ్వైనా నమ్ముతున్నావా అని అడిగాడు. నమ్ముతున్నానన్నాను. అది నిజమే కదా. నాకంటే బాగా నమ్మగలిగేవాడు ఎవరున్నారు?

బాలనర్సయ్య కాకా ఒక మధ్యాహ్నం మా దుకాణానికి వచ్చాడు. గిరాకీ లేదు. ఆయన కూర్చోలేదు. కౌంటరు మీద పరచిన ధోవతుల వైపు చూస్తూ అడిగాడు.

"కొడుకా, నువ్వు చదువుకున్నోనివి. నాకు అబద్దం చెప్పవ్. అన్ని దినాలు నేను గాడనే ఉన్న. అసొంటిది ఏం తియ్యలే. నేను రాని దినం ఏమన్న తీసిన్రా?"

లేదు కాకా అంటే సరిపోయేది. ఆ రోజు పొద్దటి నుంచి పొద్దుగూకే దాకా నేను అక్కడే ఉన్నానంటే సరిపోయేది. కానీ లేదంటే ఆయన తర్వాతి ప్రశ్న అడుగుతాడు. మరి అది ఎక్కడి నుంచి వచ్చింది అని. నాకు ఆ రెండో ప్రశ్న భయం. దాన్ని తప్పించుకోవడానికి మొదటి ప్రశ్ననే తప్పించాను.

"ఆ దినం నేను సుత లేను కాకా."

ఆయన ఒక ధోవతి మడత సరిచేశాడు.

"అట్లనా," అన్నాడు. "మంచిది కొడుకా. నువ్వు గట్టిగ చెప్పలేకపోతున్నవంటేనే నాకు సమజైంది."

అని మెట్లు దిగిపోయాడు. నేను పిలవలేదు. ఎందుకు పిలవలేదు? ఈ ప్రశ్నకు ఎన్నో జవాబులు తయారు చేసుకున్నాను. నాయిన లోపల నిద్రపోతున్నాడు, వింటాడు అని. రేపు వెళ్లి చెబుదామనుకున్నాను అని. అవన్నీ తర్వాత అల్లుకున్నవి. ఆ క్షణంలో నాకు అనిపించింది ఒక్కటే, గండం గడిచిందని.

కాకా ఆ రోజు నుంచి బిడ్డతో మాట్లాడలేదు. తిట్టలేదు, వెళ్లగొట్టలేదు. మాట్లాడలేదంతే. కొన్ని నెలలకు స్వరూప నిజామాబాద్‌లో చిన్నమ్మ ఇంటికి వెళ్లింది. అక్కడే కుట్టు నేర్పుతూ ఉండిపోయింది. పెళ్లి చేసుకోలేదు. తండ్రి పోయినప్పుడు వచ్చింది. దినాలకు నేనూ వెళ్లి అన్నం తిన్నాను. వేరే అమ్మాయితో తీసిన మూడో సినిమా ఆడలేదు. రాజేందర్ పెళ్లిళ్లకు వీడియోలు తీస్తూ బతికాడు. ఆడపిల్లలున్న ఇళ్లవాళ్లు అతన్ని పిలవడానికి వెనకాడేవారు. అతను పోయి చాలా ఏళ్లయింది. దవాఖానలో చివరిసారి చూసినప్పుడు కూడా తన మూడో సినిమా స్క్రీన్‌ప్లే గురించే మాట్లాడాడు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

ఇక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. మనుషులు మరిచిపోతారు, ప్రింట్లు పాడైపోతాయి.

మా సినిమాను లేపింది ఫోన్లు. దయ్యం బావిలోంచి లేచే ముక్కను, నా అతుకుతో సహా, ఎవరో పాత దొంగ క్యాసెట్టులోంచి తీసి పెట్టారు, దానికి వేరే పాటలు కలిపి ఇంకెవరెవరో పెట్టారు. మా అన్న కొడుకు చూపిస్తే నమ్మలేదు. చేర్యాల మాస్కు బొమ్మతో టీషర్టులు వచ్చాయి. హైదరాబాద్‌లో కాలేజీ పిల్లలు హాలు మాట్లాడుకుని 'పాడుగడి' వేసుకుని, డైలాగులన్నీ తెర కంటే ముందే తాము అరుస్తున్నారట. మేము భయపడతారనుకున్న చోట వాళ్లు నవ్వుతున్నారు. కానీ ప్రేమగానే నవ్వుతున్నారు. నన్ను ఒకసారి పిలిచారు. వెళ్లాను. కథ రాసింది ఈయనేనని చెప్పగానే హాలంతా లేచి నిలబడింది. నిండిన హాలు. ఆ వయసులో కోరుకున్నది ఈ వయసులో దొరికింది. నేను చేతులు జోడించి తల దించుకున్నాను. పిల్లలు దాన్ని వినయం అనుకున్నారు.

ఆ పిల్లల్లో ప్రణయ్ అని ఒకతను ఉన్నాడు. రెండు చిన్న సినిమాలు తీశాడు. ఆన్‌లైన్లో సినిమాలు చూపించే ఒక కంపెనీని ఒప్పించి 'పాడుగడి-4' మొదలుపెట్టాడు. పాత సినిమాలను కూడా శుభ్రం చేసి మళ్లీ చూపిస్తారు. రెండో సినిమాకు ఒకే ఒక్క ప్రింటు దొరికింది, మూతపడిన ఒక థియేటరు సామాను కొన్న పాతసామాన్ల వ్యాపారి దగ్గర. చూడకుండానే అది ఏ ప్రింటో నాకు తెలిసిపోయింది.

కొత్త సినిమాలో దయ్యం కూడా ముసలిదవుతుంది. దానికి స్వరూపే కావాలని ప్రణయ్ నిజామాబాద్ వెళ్లాడు. ఒప్పుకోదని నేను ధైర్యంగా ఉన్నాను. ఆమె ఒప్పుకుంది.

షూటింగు మర్కూక్ దగ్గర ఒక పాత ఇంట్లో. తెల్లబడిన జుట్టుతో, కళ్లద్దాలతో కారు దిగి, అన్నా బాగున్నవా అని నన్నే ముందు పలకరించింది. మాస్కు లేకుండానే నటించింది. అరుపులు లేవు. చచ్చిపోయిన దొర మనవడి ఎదురుగా కూర్చుని, అన్నం తిన్నావా బిడ్డా అని అడుగుతుంది, అంతే. కెమెరా వెనక ఉన్న పిల్లలు ఊపిరి బిగపట్టారు. ఆ విద్యను ముప్పై ఏళ్లు కుట్టుమిషను వెనక కూర్చోబెట్టింది నేను. చప్పట్లు కొడుతూ ఆ సంగతే అనుకున్నాను.

ఒక రోజు భోజనాల దగ్గర ఆమె వాళ్ల నాన్న మాట ఎత్తింది. అమ్మ చెప్పిందట. సినిమావాళ్లందరిలో నువ్వొక్కడివే నిజాయితీ గలవాడివని, తెలియనిది తెలియదని చెప్పావని ఆయన అనేవాడట. నా పళ్లెంలో ఏమున్నదో ఇప్పుడు గుర్తులేదు. తిన్నట్టున్నాను.

విడుదలకు ముందు సిద్దిపేటలోనే ఒక హాల్లో విలేకరులతో సమావేశం పెట్టారు. ఒక కుర్రాడు లేచి రెండో సినిమాలో ఆ ఫేమస్ సీన్లో ఉన్నది మీరేనా మేడమ్ అని అడిగాడు. ఆమె కాదు అంది. మాట వణకలేదు. వెనక వరసల్లో నవ్వులు వినిపించాయి. మైకు ఆమె నుంచి నా చేతికి వచ్చింది. నేను ఆమె పక్కనే ఉన్నాను. పాత ఫిల్ములో రంగులను ఎంత కష్టపడి బాగుచేశారో చెప్పాను. కాకాకు చెప్పిన జవాబుకు కుర్రతనం అని పేరు పెట్టుకోవచ్చు. దీనికి ఏ పేరు పెట్టను?

మర్నాడు పొద్దున ఆమె దిగిన ఇంటికి వెళ్లాను. ఎందుకు ఆ రోజే వెళ్లాను అంటే, మంచితనం పుట్టిందని చెప్పలేను. ఆ నవ్వులు నాకు రాత్రంతా వినిపించాయి. అవి ఆపాలనుకున్నాను. ఆమె జాకెట్టుకు హుక్కు కుట్టుకుంటోంది. నిలబడే చెప్పాను. డబ్బా, ముక్క, అతికించడం, అన్నీ. ఆమె సూది ఆపలేదు. రాజేందర్‌కు ఏమీ తెలియదని చెప్పినప్పుడు ఆపింది.

"మా బాపు నిన్ను అడిగిండు గదా?" అంది.

"అడిగిండు."

"ఏం జెప్పినవ్?"

చెప్పాను. ఆ ఆరు మాటలు మళ్లీ అన్నాను. ఆమె కిటికీలోంచి వీధి వైపు చూసింది. నేను తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"మరి ఆమె ఎవలు?" అంది.

"ఎవరు?"

"గా ముక్కల ఉన్నామె."

తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఏ భాష సినిమానో, ఆమెకు ఏం చెప్పి తీశారో, అసలు చెప్పారో లేదో. ఇన్నేళ్లలో నేను స్వరూప గురించి ఆలోచించాను, కాకా గురించి, రాజేందర్ గురించి ఆలోచించాను. వెలుతురుకు ఎత్తి చూసిన ఆ మనిషికి కూడా ఒక ఊరు, ఒక పేరు ఉంటాయని ఒక్కసారి కూడా నాకు తోచలేదు.

"నాకు చెప్తే ఏమొస్తది," అంది స్వరూప. "నేను కాదని నాకు ఎరికే. ఊరికి చెప్పు. రాయి. నీ పేరు పెట్టుకుంటవో లేదో నీ ఇష్టం, ఎవనికి గావాలె అది. నా పేరు మాత్రం రాయి."

క్షమించమని అడగబోయాను. ఆమె దారం కొరికి, జాకెట్టు మడత పెట్టి లోపలికి వెళ్లింది. మళ్లీ బయటికి రాలేదు.

ప్రణయ్‌కు చెప్పాను. అతను ఆ తర్వాత ఫోను చేయడం మానేశాడు. కంపెనీ చూపించే సినిమాలో ఆ ముక్క తీసేశారు. ఫోన్లలో మాత్రం తిరుగుతూనే ఉంది, ఇక దాన్ని ఎవరూ ఆపలేరు. కొత్త సినిమా వచ్చింది. స్వరూపను అందరూ మెచ్చుకుంటున్నారు. ఆమెకు ఇంకో రెండు సినిమాల్లో వేషాలు వచ్చాయని విన్నాను. నాతో మాట్లాడలేదు. మాట్లాడాలని అనుకోవడం లేదు కూడా.

'పాడుగడి' ఎరిగినవాళ్లకు నేనెవరో తెలిసిపోతుంది, అయినా నా పేరు పెట్టడానికి ధైర్యం చాలలేదు. దుకాణం ఉంది, మనవలున్నారు. ఇదీ పిరికితనమే. ఇందులో మీరు నా వైపు ఉండాలని అడగను. ఆమె చెప్పిన పని మాత్రం చేస్తున్నాను.

ఆమె పేరు స్వరూప. బాలనర్సయ్య గారి బిడ్డ. 'పాడుగడి-2'లో బావి సీను తర్వాత వచ్చే ముక్కలో ఉన్నది ఆమె కాదు. దాన్ని అతికించింది నేను. రాజేందర్‌కు తెలియదు. కాకా రాని రోజు షూటింగులో నేను ఉన్నాను. ఆమె చీరతో మెట్లు దిగింది, చీరతోనే పైకి వచ్చింది. చలికి వణుకుతుంటే ఒకామె దుప్పటి కప్పింది. మెట్ల మీద కూర్చుని చాయ్ తాగింది. బాపు ఎప్పుడు వస్తాడని అడిగింది. ఆ రోజు అంతకు మించి ఏమీ జరగలేదు.